సీతాలు కుండ

నా భార్య సీతాలు తన తమ్ముడి వల్ల పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఊళ్ళో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు.

పోయిన ఏడాది జ్యేష్ఠంలో ఒక పొద్దున్న ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. తమ్ముడి ఆటో మా వాకిట్లోనే ఉంది. తాళంచెవి ఆ తమ్ముడు అప్పలరాజు మొలతాడుకు ఉంది. అప్పలరాజు ఆటో వెనకసీట్లో పడి ఉన్నాడు. ముఖాన బిందెడు నీళ్ళు కొట్టాను. కళ్ళు తెరిచి, "ఎక్కడికి బాబూ, టేసనుకా?" అన్నాడు. మళ్ళీ పడిపోయాడు. నాకు బండి నడపడం రాదు. మాది రామయ్యపట్నం దారిలో రోడ్డుకు లోపలగా ఉన్న ఊరు. ఇంకో బండి దొరికేసరికి గంటన్నర పట్టింది. బరంపురం ఇంకా రెండు మైళ్ళు ఉందనగా, రైలుగేటు దగ్గర సీతాలు నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడు జాగర్త" అంది. గేటు తీసేసరికి లేదు.

నన్ను జాగ్రత్తగా ఉండమనలేదు. నేనెలా బతకాలో చెప్పలేదు. ఆ తాగుబోతును నాకు అప్పగించి వెళ్ళిపోయింది.

అందుకే వాడు నా ఇంట్లో ఉన్నాడు. ప్రేమతో కాదు. వాడి పెళ్ళాం ఎప్పుడో పుట్టింటికి పోయింది. మిగిలింది నేను.

అక్క పోయాక ఐదు నెలలు వాడు ఒళ్ళు తెలియకుండా తాగాడు. ఆటో అమ్మి తాగాడు. కార్తీకంలో ఒకనాడు బురదలో పడి ఉంటే తీసుకుపోయి బరంపురం పక్కన అంకులిలో మందు మాన్పించేచోట పడేశాను. నలభై రోజులు ఉంచుకున్నారు. తీసుకురావడానికి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే హేమ అనే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. బరంపురంలో పాతుకుపోయిన తెలుగువాళ్ళ పిల్ల. మెత్తగా మాట్లాడుతుంది.

"రోజూ పొద్దున్న ఒక మాత్ర. మీ కళ్ళముందు మింగించండి కూర్మారావు గారూ. ఈ మాత్ర వేసుకున్న మనిషి ఒక్క గుక్క తాగినా ఒళ్ళు ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. అతనికి అన్నీ చెప్పాం, ఒప్పుకునే వేసుకుంటున్నాడు. ఏమేం తినకూడదో ఈ కాగితంలో ఉంది. చదువుకుంటారు కదా?"

"సదువుకుంటాను" అన్నాను.

కాగితం ఒడియాలో ఉంది. నేను ఊళ్ళో తెలుగు బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఒడియా మాట్లాడతాను. బేరం ఆడతాను, తిడతాను. చదవలేను. అరవై దాటినవాణ్ణి, కూతురు వయసు పిల్ల ముందు చదవడం రాదని ఎలా చెబుతాను? మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక వాడిచేతే చదివించాను. వాడు ఒడియా బడికి వెళ్ళాడు. వేలు పెట్టి చదివాడు.

"దగ్గు మందు తాగకూడదంట. టానిక్కులు కూడదంట. సెంటు పూసుకోకూడదంట. బజార్లో చౌమీను తినకూడదంట, దాన్లో ఏదో పులుపు పోస్తారంట. డాక్టర్ని అడక్కుండా ఇంకో మాత్ర మింగకూడదంట. అంతే బావ."

"ఐదేనా? వరసలు ఆరున్నాయి గదరా."

వాడి వేలు ఆరో వరస మీద ఆగింది.

"అది ఆపీసు అడ్రసు బావ."

కాగితం మేకుకు గుచ్చాను.

వాడికి పని ఎక్కడ చూడాలా అని ఆలోచించి మొగలి భట్టిలో పెట్టాను. మా పొలం గట్టున మొగలి పొదలున్నాయి. ఆ పూలు నేను భట్టికే వేస్తాను. రాగి కాగులో పూలు, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి అత్తరై దిగుతుంది. మంట పెరగకూడదు, తగ్గకూడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి పొయ్యి ముందు కూర్చోవాలి. అప్పలరాజుకు ఆ పని.

నా తోడబుట్టిన అప్ప తవిటమ్మ విని పకపకా నవ్వింది. పక్కవీధిలో ఉంటుంది. డెబ్బై ఏళ్ళు. నోటికి అడ్డులేదు.

"ఓరి కూర్మా, తాగుబోతుని తీసుకెల్లి భట్టీకాడ కూకోబెట్టినావు. పిల్లికి సేపల తట్ట అప్పగించినట్టుంది."

"అది పూల భట్టీ. సారా కాదు."

"నాకు తెల్దేటి? ఆడికి తెలుసునా అని."

నేను వాణ్ణి అక్కడ పెట్టడానికి వేరే కారణం ఉంది. భట్టి పొగగొట్టం మా అరుగు మీదికి కనిపిస్తుంది. పొగ వస్తోందంటే వాడు పొయ్యి ముందు ఉన్నాడు. పొగ సన్నబడిందంటే లేచి ఉంటాడు. రోడ్డు మలుపులో మందుకొట్టు ఉంది. భట్టి నుంచైనా మా ఇంటి నుంచైనా నడిస్తే పావుగంట.

ఐదు నెలలు ఆ పొగను చూస్తూ కూర్చున్నాను. పొలం పని మానేశాను. అన్నం తింటూ చూశాను. మధ్యాహ్నం కునుకు పడితే ఉలిక్కిపడి లేచి ముందు ఆకాశం వైపు చూసేవాణ్ణి. గాలివాటానికి పొగ కిందికి పడిపోయిన రోజుల్లో నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. మొదటి రోజుల్లో ఒకసారి పదకొండు గంటలకు పొగ పూర్తిగా ఆగింది. చెప్పులు కూడా లేకుండా ఇసకలో పరిగెత్తాను. తలుపు తోసుకుని వెళితే అప్పలరాజు తొట్టిలో చెయ్యి పెట్టి గొట్టం కడుగుతున్నాడు. భట్టి మేస్త్రి లోకనాథ్ నన్ను చూసి బీడీ పక్కన పెట్టాడు.

"ఏటి కూర్మారావన్నా, ఇల్లు కాలిపోనాదేటి?"

"పొగ ఆగిపోతే సూద్దామని..."

"కాగు దింపితే పొగ ఆగదేటి? రోజూ మూడుసార్లు దింపుతాం. మూడుసార్లూ పరిగెత్తుకొస్తావా? కాళ్ళుంటాయా నీకు?"

అప్పలరాజు తల ఎత్తలేదు. గొట్టం కడుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం వాడు ఇంటికి వచ్చినప్పుడు ఇంకో తిప్పలు. వాడి ఒళ్ళంతా మొగలి వాసన. జుట్టులో, చొక్కాలో, గోళ్ళలో. నోరు ఊదమంటే నోట్లోనూ అదే. తాగినా నాకు తెలియదని ఆలస్యంగా తట్టింది. తప్పు నాదే. అందుకని వాడు వచ్చేసరికి అరుగు దగ్గర నిలబడి నడక చూసేవాణ్ణి. గడప దాటేటప్పుడు కాలు తడబడుతుందేమో చూసేవాణ్ణి. లెక్క చెప్పమని ప్రశ్నలు వేసేవాణ్ణి. ఎన్ని పూలు వచ్చాయి, ఎవరు తెచ్చారు, కాగు ఎన్నిసార్లు దించారు. వాడు అన్నిటికీ జవాబు చెప్పేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అది ఇంకా భయం. ఏమీ దాచనివాడు విసుక్కుంటాడు.

ఇక కుండ సంగతి.

మా ఇంట్లో తరవాణి కుండ ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి రోజూ దాంట్లో పోస్తారు. పులుస్తుంది. ఆ పుల్లనీళ్ళు రాత్రి అన్నంలో పోసుకుని పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని తింటాం. ఒడియావాళ్ళు ఆ నీళ్ళను తొరాణి, ఆ అన్నాన్ని పఖాళ అంటారు. తరవాణి కుండను అడుగంటా వంచకూడదు. కడిగినప్పుడు కూడా అడుగున పేరుకున్న మట్టు గిన్నెడు తీసిపెట్టి మళ్ళీ దాంట్లోనే పోయాలి. సీతాలు కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కుండలోంచి చెంబుడు తెచ్చుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ కుండ ఎండలేదు. తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయినప్పుడు ఆమె పత్రాలూ బట్టలూ వదిలేసి కుండను ఒళ్ళో పెట్టుకుని బడిలోకి పరిగెత్తింది.

ఆమె పోయాక నేను పోస్తున్నాను. గురువారం గురువారం కడిగి పసుపు రాస్తున్నాను. "ఆడపని నేర్సినావు" అని తవిటమ్మ నవ్వింది. నవ్వనీ. ఫోటో నాకెందుకు? ఆమె చేతి పులుపు ఆ కుండలో ఉంది.

అప్పలరాజు దాన్ని ముట్టలేదు. అంకులి నుంచి వచ్చిన మొదటి రోజే, "కడుపులో మంట బావ, పులుపు పడదు" అన్నాడు. వేడన్నం వండుకుని తినిపోయేవాడు. చిన్నప్పుడు అదే కుండ మట్టుతో పెరిగినవాడు. సారా పడ్డ కడుపుకు తరవాణి పడదట. నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

అక్క కుండను ఎన్నాళ్ళు కాదంటాడని, మార్చిలో ఒక పొద్దున్న వాడు అటు తిరిగినప్పుడు వాడి అన్నంలో ఒక గరిటె పోశాను. వాడు రెండు ముద్దలు తిని, ఆగి, నా వైపు చూసి, "భట్టీకి ఏల అయిపోనాది" అని లేచిపోయాడు. ఆ సాయంత్రం లోకనాథ్ కనబడి, "మీ అప్పలరాజుకి తలనొప్పంట. మొకం కందగడ్డలాగ అయిపోనాది. ఎండదెబ్బేమో సూడు" అన్నాడు.

ముఖం ఎర్రబడింది. హేమ చెప్పిన గుర్తు అదే. నేరుగా మలుపులో మందుకొట్టుకు వెళ్ళాను. ఇనప చువ్వల వెనక శ్యామ్ కూర్చుని ఉన్నాడు.

"అప్పలరాజు వొచ్చినాడేటి?"

"నీ బామ్మర్ది మొకం సూసి నాలుగైదు నెలలయింది కూర్మారావు మావా. మంచి బేరం పోనాది. దాని బదులు నువ్వేమైనా పుచ్చుకుంటావేటి?"

"నిజం సెప్పు."

"కొట్టు నాది. అబద్దమాడితే బేరం ఒస్తాదేటి? రానేదు."

నమ్మలేదు. వాడికి తాగించినవాడి మాట ఎలా నమ్ముతాను? ఇంటికి వెళ్ళి వాడి చొక్కాలు, దిండు, గడ్డివాము అన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు నిద్ర పట్టలేదు. తరవాణి సంగతి నాకు తోచనే లేదు. అది ఊరంతా తాగే నీళ్ళు. పాలు విడిచిన పిల్లలకు పోసే నీళ్ళు.

జ్యేష్ఠం వచ్చింది. సీతాలు సంవత్సరికం రజ పండగ మొదటి రోజు పడింది. రజ పండక్కి మా వైపు మూడురోజులు భూమిని ముట్టరు, పనులు ఆపుతారు. భట్టి మూసేశారు. పొగ లేదు. ఆ రోజు వాడు నా కళ్ళముందే ఉంటాడని కాస్త ఊపిరి తీసుకున్నాను.

పొద్దున్న మాత్ర మింగించాను. నోరు తెరిపించి నాలుక కింద చూశాను. తర్వాత వాడు తవిటమ్మ పక్కన కూర్చుని పనసకాయ కొట్టాడు. నీళ్ళు మోశాడు. ఆకులు కడిగాడు. పదిమంది చుట్టాలు వచ్చారు. పదకొండు గంటలకు ఆమె ఫోటో ముందు వడ్డించాం.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పోయిన ఆడమనిషి సంవత్సరికంలో పుట్టింటివాడు మొదటి ముద్ద తినాలి. ఆమె చేత్తో పెట్టుకున్నదేదైనా ఇంట్లో మిగిలి ఉంటే దాంతో తినాలి. ఊరగాయ ఉంటే ఊరగాయ. మా ఇంట్లో కుండ ఉంది. ఎండలకు మూడురోజులుగా నురగ కడుతోంది. చెంబు ముంచి అన్నంలో పోసి వాడి ముందు పెట్టాను.

వాడు చెయ్యి పెట్టలేదు.

"బావ, నాకు పడదని..."

"ఈ ఒక్క పూట."

"రెండు మెతుకులు తింటాను బావ. సాల్దేటి?"

అప్పుడు అన్నాను. అందరూ వినేలాగే అన్నాను. "మీ అక్కని తినేసినోడికి అక్క కుండ పడదేటి?"

అప్పలరాజు ఆకు దగ్గరికి లాక్కున్నాడు. మొత్తం తిన్నాడు. ఆకులో నీళ్ళు కూడా వంచి తాగాడు. నన్ను చూస్తూ తాగాడు.

అరగంట కాలేదు. వాడి మెడ ఎర్రబడింది. తర్వాత చెంపలు, చెవులు, కళ్ళు. చెమట ధారగా కారింది. స్తంభం పట్టుకుని లేచి, వాకిట్లోకి వెళుతూ గడప మీద తడబడ్డాడు. ఐదు నెలలుగా నేను చూస్తున్న గడప. మెట్ల దగ్గర కక్కాడు. పుల్లటి కంపు కొట్టింది.

నాకు ఇంకేమీ కనిపించలేదు. చెప్పు తీశాను. తలమీద, వీపు మీద, ముఖం మీద కొట్టాను. పదిమంది చుట్టాలు చూస్తుండగా కొట్టాను.

"దాని సంవచ్చరికం నాడు కూడా తాగినావురా! దాని ఫోటో ముందర తాగినావు!"

"తాగనేదు బావ."

ఒక్కసారే అన్నాడు. తర్వాత వాడి చూపు నా మీదనుంచి వంటింటి మూలకు పోయింది. కుండ మీద ఆగింది. ఇంకో మాట అనబోయి పళ్ళు బిగించాడు.

"ఎల్లు. నా గడప తొక్కకు. దానికిచ్చిన మాట ఈరోజుతో తీరిపోనాది."

వాడు వెళ్ళాడు. కంచె పట్టుకుని, మొగలి ముళ్ళు చేతులకు గుచ్చుకుంటున్నా వదలకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళాడు. ఎవరూ వెనక వెళ్ళలేదు. నేను వెళ్ళనివ్వలేదు.

తవిటమ్మ ఒక్కతే లేచి నా ముందుకు వచ్చింది.

"పొద్దున్న కాణ్ణించి నా పక్కనే ఉన్నాడురా. నీళ్ళకెల్తే నాను సూస్తన్నాను. ఎప్పుడు తాగినాడు? ఏ సందులో తాగినాడు?"

"దొంగకి సందులు దొరకవేటి?"

"నీకు దొరికినాయి సందులు, ఆణ్ణి కొట్టడానికి" అంది.

నేను ఫోను తీసి హేమకు చేశాను.

"మీ మనిసిని మీరు తీసుకుపోండమ్మా. తాగినాడు."

"మీరు చూశారా?"

"సూడక్కర్లేదు. మొకం ఎర్రబడింది. కక్కినాడు. నిలబడలేకపోనాడు."

"ఆగండి. అంతకుముందు ఏం తిన్నాడు?"

"ఏటుంది? తరవాణి అన్నం."

ఆ పిల్ల గొంతు మారింది.

"కాగితంలో ఉంది కదండీ. ఆరో లైను. పఖాళ, తొరాణి, పులిసిన గంజి, కల్లు, ఏవీ వద్దని. మన దగ్గర ప్రతి ఇంట్లో తింటారని ప్రత్యేకంగా వేయించాం. ఈ ఎండలకు పులిసినదాంట్లో కాస్త మందు పుడుతుంది. మామూలువాళ్ళకు ఏమీ కాదు. అతనికి అవుతుంది. చదువుకుంటానన్నారు కదా?"

నేను మేకు వైపు చూశాను. కాగితం గాలికి ఆడుతోంది.

"అతను ఏడీ?"

"ఎల్లిపోనాడు. పంపీసినాను."

"వెంటనే వెతకండి కూర్మారావు గారూ! బీపీ పడిపోతుంది. కోపంలో ఇప్పుడు నిజంగా తాగాడంటే మనిషి దక్కడు. దొరకగానే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఒంటరిగా వదలొద్దు."

రోడ్డు మలుపుకు పరిగెత్తాను. నా వయసుకు అది పరుగు అనకూడదు. దారంతా ఒకటే లెక్క. వాడు బయలుదేరి ఎంతసేపయింది? పావుగంటే గదా మందుకొట్టు. వాడి జేబులో ఏముంది? అప్పు ఇస్తాడా శ్యామ్? ఇస్తాడు. ఎప్పుడూ ఇచ్చేవాడు. ఒక్క గుక్క చాలు అంది ఆ పిల్ల మొదట్లో. రోడ్డు పక్కన ఆడపిల్లలు రజ ఉయ్యాలలు ఊగుతున్నారు. ఎవరో పలకరించారు. నేను ఆగలేదు. పడి ఉన్న ప్రతి గోనెసంచీ మనిషిలా కనిపించింది.

శ్యామ్ చువ్వల దగ్గరికి వచ్చాడు. "రానేదు మావా. ఒట్టు. ఏటయింది? మొకం అలగుందేటి?"

ఈసారి వాడి మాట నమ్మాలని ఉంది. నమ్మితే మాత్రం మనిషి ఎక్కడ? సముద్రం వైపా? రైలుపట్టాల వైపా? కొట్టు ముందు నడిరోడ్డు మీద నిలబడి నాలుగు దిక్కులా చూశాను. అప్పుడు కనిపించింది.

భట్టి మీద పొగ.

రజ పండగ. భట్టికి తాళం. పూలు లేవు, పనివాళ్ళు లేరు. సన్నగా, నిటారుగా పొగ లేస్తోంది. మంట పెరగకుండా, తగ్గకుండా పెట్టినవాడి పొగ.

వెళ్ళేసరికి వెనక తలుపు తీసి ఉంది. అప్పలరాజు పొయ్యి ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఎరుపు పోయి బూడిదలా ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. చేతుల నిండా ముళ్ళు గీసిన నెత్తురు. నా చెప్పు అంచు తగిలిన చోట కనుబొమ మీద చీరుకుంది. రాగి మాడిపోకుండా కాగు నిండా నీళ్ళు పోసి మరీ మంట పెట్టాడు.

"ఏటి సేస్తన్నావురా ఇక్కడ?"

"పొగ పెట్టినాను బావ."

"పూలు నేకుండా పొగేటి?"

"నువ్వు సూస్తావని."

నేను చూస్తున్నానని వాడికి ఎప్పుడూ చెప్పలేదు. వాడికి మొదటి రోజునుంచీ తెలుసు.

పక్కన కూర్చున్నాను.

"ఆరో వరసలో ఏటుందిరా?"

వాడు కట్టె లోపలికి తోశాడు. "ఆపీసు అడ్రసని సెప్పినాను గదా."

"ఏటుందిరా?"

వాడి గుండె చొక్కా మీద కనిపించేంత గట్టిగా కొట్టుకుంటోంది.

"ఉన్నది సెప్తే నువ్వు కుండ పారబోసేస్తావు బావ. అక్కని ఎలాగూ తీసేసినాను. కుండ కూడా నానే తీసేయాలేటి?"

"మరి ఇయ్యాల అంతా ఎందుకు తాగినావు? సచ్చిపోతే?"

"నువ్వు పెట్టినావు గదా" అన్నాడు. అని పక్కకు ఒరిగిపోయాడు.

లోకనాథ్ ఇంటికి వెళ్ళి తలుపు బాదాను. వాడి తమ్ముడి ఆటో ఉంది. అప్పలరాజును వెనకసీట్లో పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. మొగలి వాసన, కక్కిన వాసన. అదే రోడ్డు. అదే రైలుగేటు. పడి ఉంది. బండి ఆగింది. గూడ్సు బండి పెట్టె పెట్టెకీ శబ్దం చేసుకుంటూ పోతోంది. నేను వాడి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి వేళ్ళకు తగులుతోంది. ఒకసారి తగల్లేదు. "ఒరే" అన్నాను. తగిలింది. గేటు తీశారు.

ఆసుపత్రిలో సెలైను పెట్టారు. సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. హేమ వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "చదవడం రాకపోతే చెప్పాల్సింది కదండీ, నేను చదివి వినిపించేదాన్ని" అంది. కోపంగా అనలేదు.

మర్నాడు ఒక్కణ్ణే ఇంటికి వెళ్ళాను. వాడికి చొక్కా తేవాలి. ఇంట్లోకి వెళ్ళి కుండ ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళి అరటి మొదట్లో వంచాను. మట్టు తీసిపెట్టలేదు. అడుగంటా వంచాను. ముప్ఫై నాలుగేళ్ళ పులుపు మట్టిలో ఇంకడానికి ఎక్కువసేపు పట్టలేదు. బూడిద వేసి తోమి, ఎండలో బోర్లించాను.

మూడోరోజు వాడు ఇంటికి వచ్చాడు. బోర్లించిన కుండను చూసి నిలబడిపోయాడు.

"బావ..."

"నోరు ముయ్యి. మాత్ర మింగు."

మింగాడు. నోరు తెరిచి చూపించాడు. నాలుక కింద చూశాను.

పండగ అయిపోయింది. భట్టి తెరిచారు. నేను అరుగు మీద కూర్చుంటున్నాను. పొగ చూస్తున్నాను. సన్నబడితే ఇప్పటికీ లేచి నిలబడుతున్నాను. పొద్దున్న ఇద్దరం వేడన్నమే తింటున్నాం. నాకు రుచి లేదు.

తవిటమ్మ వచ్చి, "ఆడితో ఒక్క మాట అనరా. తప్పయిపోనాదని సెప్పు. నీ నోరు అరిగిపోద్దేటి?" అంది. చుట్టాల్లో ఇద్దరు అదే మాట కబురు పెట్టారు. అప్పలరాజు ఏమీ అడగలేదు. కనుబొమ మీద మచ్చ పడింది. అద్దం ముందు నిలబడితే దాని మీదికి జుట్టు దువ్వుకుంటాడు.

నా భార్య తన తమ్ముడి వల్ల పోయింది. ఆ మాట ఎవరు అడిగినా చెబుతాను, ఎక్కడైనా చెబుతాను. రజ పండగ నాడు వాకిట్లో నేను చేసింది మాత్రం ఎవరూ నా ముందు ఎత్తొద్దు. వాడు ఎత్తడు. నేను ఇక ఎత్తను. తవిటమ్మ రేపు మళ్ళీ వస్తే తలుపు వేస్తాను.